గుండెపోటా, గుండె ఆగిపోవడమా? వైద్య పదాల అర్థానికి ఏ భావకోశం ఎవరికి

కొన్నేళ్ల క్రితం మా పెద్దమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు, డిశ్చార్జి సమ్మరీ చదివి అందరికీ తెలుగులో చెప్పే పని నా మీద పడింది. కాగితం మీద 'హార్ట్ ఫెయిల్యూర్' అని ఉంది. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు చూసి 'గుండె వైఫల్యం' అన్నాను. 'అంటే గుండె ఆగిపోయిందా?' అని అన్నయ్య మొహం పాలిపోయింది. చూడటానికి వచ్చిన పక్కింటి అత్తయ్యగారు వీధిలో 'గుండెపోటు వచ్చిందట' అని చెప్పారు. ఒక్క సాయంత్రంలో ఒకే మనిషికి మూడు వేర్వేరు స్థితులు అంటగట్టేశాం.

ఈ మూడింటికీ తేడా చిన్నది కాదు. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి, ఆ కండరంలో కొంత భాగం చచ్చుబడిపోతే గుండెపోటు. గుండె కొట్టుకోవడమే హఠాత్తుగా నిలిచిపోతే కార్డియాక్ అరెస్ట్. అప్పుడు చేతిలో ఉండేవి నిమిషాలే. హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ ఒంటికి చాలినంత రక్తాన్ని పంపలేదు. మందులతో, జాగ్రత్తలతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవారు ఎందరో ఉన్నారు. నిఘంటువు ఆ రోజు మాకు తప్పు చెప్పలేదు. అడిగిన మాటకు మాట ఇచ్చింది. మాకు కావలసింది మాత్రం ఆ మాట వెనుక ఉన్న జబ్బు, దాని ఇరుగుపొరుగున ఉన్న జబ్బులు, వాటి మధ్య గట్లు.

అక్షరక్రమ నిఘంటువులో ఈ ఇరుగుపొరుగు దొరకదు. 'గుండెదడ' 'గ'లో, 'హృద్రోగం' 'హ'లో, 'ఛాతీ నొప్పి' 'ఛ'లో కూర్చుంటాయి. భావాన్ని ఆధారం చేసుకున్న కోశాలు వేరే పద్ధతిలో పని చేస్తాయి. ముందు ఒక భావానికి ఒక గది కట్టి, దానికి ఒక సంఖ్య ఇచ్చి, ఆ భావానికి ఉన్న పేర్లన్నీ ఆ గదిలో చేరుస్తాయి. గదికీ గదికీ మధ్య బంధుత్వం రాస్తాయి. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. అమరకోశం పదాలను అక్షరక్రమంలో కాక వర్గాలుగా పేర్చింది. రెండో కాండలోని మనుష్యవర్గంలో జబ్బుల పేర్లన్నీ ఒకచోట వస్తాయి. క్షయ, శోష, యక్ష్మ మూడూ ఒకే జబ్బు పేర్లని అక్కడ పక్కపక్కనే తెలుస్తుంది. నేటి వైద్య భావకోశాలు చేస్తున్నదీ అదే, లక్షల గదులతో.

అయితే ఇవి చాలా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో అవసరానికి పుట్టింది. ఏది తెరవాలో తెలియక మొదటి పేజీలోనే వెనుదిరిగినవారిని చాలామందిని చూశాను. వారి కోసమే ఈ పోలిక.

ముందు మనకు ఏం కావాలో తేల్చుకుందాం

నేను చూసే మొదటి గుణం, పోలిన భావాలను విడదీయగలగడం. మన వాడుకలో ఒకే మాట రెండు మూడు పనులు చేస్తుంది. 'ఎండకు మూర్ఛపోయాడు' అంటే స్పృహ తప్పడం. 'అతనికి మూర్ఛ ఉంది' అంటే ఫిట్స్ వచ్చే జబ్బు. 'షుగర్ వచ్చింది' అంటే మధుమేహం. 'షుగర్ ఎంత ఉంది' అంటే రక్తపరీక్షలో వచ్చిన అంకె. ఇవి వేర్వేరు గదుల్లో కనబడకపోతే ఆ కోశం మనకు పనికిరాదు.

రెండోది, అర్థం వాక్యాల్లో ఉండటం. సంఖ్యలూ గీతలూ ఎన్ని ఉన్నా, ఇంట్లో చదివి చెప్పేవారికి రెండు వాక్యాల వివరణ కావాలి. మూడోది బంధుత్వం: ఈ జబ్బు ఏ పెద్ద కుటుంబంలోది, దీని కింద ఏ రకాలు ఉన్నాయి. నాలుగోది తెలుగు పేరు. ఐదోది అందుబాటు: డబ్బు కట్టాలా, పేరు నమోదు చేయించుకోవాలా, ఎప్పటికప్పుడు సరిదిద్దుతున్నారా.

ఈ ఐదూ ఒక్కచోట దొరికే కోశం నాకు తెలిసి లేదు. తెలుగు దగ్గర దాదాపు అన్నీ చేతులెత్తేస్తాయి. అందుకే ఒకటి ఎంచుకోవడం కంటే ఏ రెండింటిని జత చేయాలన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

మెడ్‌లైన్‌ప్లస్: గుమ్మం దగ్గరి అరుగు

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1998లో సామాన్యుల కోసం మొదలుపెట్టిన సైటు ఇది. కచ్చితంగా చెప్పాలంటే భావకోశం కాదు, ఆరోగ్య విషయాల సంగ్రహం. అయినా ఇక్కడ చేర్చడానికి కారణం ఉంది. ఒక్కో అంశానికి ఒక్కో పేజీ ఇచ్చి, ఆ అంశానికి ఉన్న ఇతర పేర్లను పైనే చెబుతుంది. వివరణ తేలికైన ఇంగ్లిష్‌లో ఉంటుంది, ప్రకటనలు ఉండవు. పదో తరగతి ఇంగ్లిష్ బాగా వచ్చినవారికి చాలు. తెలియని మాట మొదటిసారి ఎదురైతే నేను ఇక్కడే మొదలుపెడతాను. దగ్గరి జబ్బుల మధ్య సరిహద్దు ఎక్కడో తెలియాలంటే మాత్రం లోపలికి వెళ్లాలి.

మెష్: చదువుకునే ఓపిక ఉన్నవారికి నా మొదటి సిఫారసు

మెష్‌ను కూడా ఆ గ్రంథాలయమే తయారు చేసింది. 1960లో తొలిసారి అచ్చయింది. వైద్య పరిశోధన వ్యాసాలను విషయాల వారీగా సర్దడానికి పుట్టిన పదావళి ఇది. వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే సైటు పబ్‌మెడ్‌లో వెతికేవారికి తెలియకుండానే దీని సాయం అందుతూ ఉంటుంది. ఏటా సరిదిద్దుతారు. డబ్బు కట్టనక్కర్లేదు, పేరు నమోదు కూడా అక్కర్లేదు.

'హార్ట్ ఎటాక్' అని కొట్టి చూడండి. 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్‌షన్' అనే గదికి తీసుకెళుతుంది. 'మీరు అన్న మాటా ఇదే, మా పుస్తకంలో దీని పేరు ఇది' అన్నట్టు. కిందే చిన్న నిర్వచనం ఉంటుంది: గుండెకు రక్తప్రసరణ అడ్డగించబడటం వల్ల గుండె కండరం చచ్చుబడటం. ఆ నిర్వచనంలో కొన్ని మాటలు పెద్ద అక్షరాల్లో కనబడతాయి. ఆ మాటలకు కూడా మెష్‌లో వేరే గదులు ఉన్నాయని దాని గుర్తు. ఒక మాట పట్టుకుని పది మాటలు నేర్చుకునే దారి అది. నేను వైద్య పదాలు నేర్చుకున్నది ఎక్కువగా ఇలాగే.

ఇంకా కిందికి వస్తే వృక్షం కనబడుతుంది. గుండె, రక్తనాళాల జబ్బుల కొమ్మ మీద గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్ మూడూ వేర్వేరు రెమ్మలుగా ఉంటాయి. ఆ సాయంత్రం ఆ ఒక్క పేజీ నా చేతిలో ఉంటే అన్నయ్యకు అంత భయం కలిగేది కాదు. ఒక జబ్బు రెండు కొమ్మల మీద ఉండటానికీ ఇక్కడ అభ్యంతరం లేదు: న్యుమోనియా ఇన్‌ఫెక్షన్ల కిందా కనబడుతుంది, శ్వాసకోశ వ్యాధుల కిందా కనబడుతుంది. రెండూ నిజమే కదా.

లోపం కూడా చెప్పాలి. వ్యాసాలు వెతకడానికి ఏర్పడింది కాబట్టి, ఒక గదిలో చేర్చిన పేర్లన్నీ అచ్చంగా సమానార్థకాలు కావు. కాస్త ఇరుకైన అర్థం ఉన్న మాటను కూడా దగ్గరి పెద్ద గదిలో కూర్చోబెడతారు. అనువాదకులు ఈ సంగతి మరచిపోతే, రకం పేరును జబ్బు పేరుగా రాసే ప్రమాదం ఉంది.

స్నోమెడ్ సీటీ: గట్లు కచ్చితంగా కావాలంటే

అమెరికాలోని పాథాలజిస్టుల వృత్తి సంఘం తయారు చేసిన పదావళినీ, బ్రిటన్ ఆరోగ్య సేవ వాడిన రీడ్ కోడ్‌ల పరంపరనూ కలిపి 2002లో దీన్ని రూపొందించారు. ఇందులో మూడున్నర లక్షలకు పైగా భావాలున్నాయి. ఆసుపత్రి కంప్యూటర్లలో రోగి వివరాలు రాసుకోవడానికి ఉద్దేశించింది. భారతదేశం 2014లో సభ్యదేశమైంది. మన దేశంలో పంపిణీ బాధ్యత ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీ-డాక్ పుణెలో చూస్తుంది. లైసెన్సు తీసుకోవాలి కానీ డబ్బు కట్టనక్కర్లేదు. ఊరికే చూడటానికైతే ఆన్‌లైన్ బ్రౌజర్ చాలు.

దీనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక చిన్న ఏర్పాటు. ప్రతి భావం పూర్తి పేరు చివర అది ఏ జాతికి చెందిందో ఒక ముద్ర ఉంటుంది: రుగ్మత, ప్రక్రియ, శరీర భాగం, కొలిచి చూడదగిన అంశం, ఇలా. 'ఆయనకు బీపీ ఉంది', 'ఆయనకు బీపీ చూశారు' అన్న రెండు వాక్యాలు తీసుకోండి. మొదటిది జబ్బు, రెండోది కొలత. స్నోమెడ్‌లో అధిక రక్తపోటు రుగ్మత ముద్రతో 38341003 అనే గదిలో, రక్తపోటు అనే కొలత 75367002 అనే మరో గదిలో ఉంటాయి. మనం 'రక్తపోటు' అనే ఒకే మాటతో రెండింటినీ పిలుస్తున్నామన్న సంగతి నాకు ఈ రెండు గదులు చూశాకే తట్టింది. అప్పటి నుంచి జబ్బును 'అధిక రక్తపోటు' అనీ, కొలతను 'రక్తపోటు' అనీ రాస్తున్నాను.

కానీ వాక్యాల్లో అర్థం కోసం వెళితే నిరాశ తప్పదు. చాలా భావాలకు వివరణ వాక్యం ఉండదు, సంబంధాలే ఉంటాయి. గుండెపోటు గదిలో 'వ్యాధి ఉన్న చోటు: గుండె కండరం', 'కణజాలంలో మార్పు: ఇన్‌ఫార్క్ట్' (రక్తం అందక చచ్చుబడిన భాగం) అని కనబడుతుంది. ఎక్కడ, ఏమైంది అనే రెండు ప్రశ్నలకు రెండు జవాబులు. వైద్య విద్యార్థికి, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఇంతకు మించిన స్పష్టత అక్కర్లేదు. అత్తగారి రిపోర్టు పట్టుకున్న కోడలికి దీనితో పని జరగదు.

యూఎంఎల్ఎస్: కోశాలన్నిటికీ కూడలి

జాతీయ వైద్య గ్రంథాలయం 1986లో మొదలుపెట్టిన ఈ పథకం కొత్త కోశం రాయడానికి పూనుకోలేదు. ఉన్న కోశాలన్నిటినీ కలిపింది. మెష్‌లో ఒక పేరు, స్నోమెడ్‌లో ఇంకో పేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీలో మరో పేరు ఉన్న భావాన్ని ఒక గుర్తింపు సంఖ్య కిందికి తెస్తుంది. మొత్తం 30 లక్షలకు పైగా భావాలు. గుండెపోటు సంఖ్య సీ0027051. ప్రతి భావానికీ ఒక అర్థజాతి ఉంటుంది. అలాంటి జాతులు 127.

ఇంగ్లిష్‌లో 'కోల్డ్' అనే మాట ఇక్కడ పలు గదులకు దారి తీస్తుంది, వాటిలో మూడు: జలుబు, చల్లదనం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధికి వాడే పొడి అక్షరాలు. మన 'మూర్ఛ'కు ఇలాంటి కూడలి ఎవరైనా కట్టాలని నాకు ఎంతో కోరిక. వైద్య అనువాదం వృత్తిగా చేసేవారికి యూఎంఎల్ఎస్ తప్పనిసరి అంటాను. ఒకే భావానికి పలు నిర్వచనాలు పక్కపక్కన దొరుకుతాయి. ఒకదాంట్లో మసకగా ఉన్నది ఇంకోదాంట్లో తేటపడుతుంది. పేరు నమోదు చేసుకుని ఉచిత లైసెన్సు తీసుకోవాలి. రెండు డజన్లకు పైగా భాషల పేర్లు ఇందులో ఉన్నా, వాటిలో తెలుగు లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఐసీడీ: కాగితం మీద కోడ్ ఉంటే

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించే వ్యాధుల వర్గీకరణ. మూలాలు 1893 నాటివి. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినా, మన దగ్గర ఆసుపత్రి, బీమా కాగితాల మీద పదో కూర్పు కోడ్‌లే ఎక్కువగా కనబడతాయి. లెక్కలు కట్టడం దీని పని. ప్రతి కేసూ ఏదో ఒక పెట్టెలో పడాలి కాబట్టి 'ఇతరములు', 'వివరం తెలియనివి' అనే పెట్టెలు కూడా ఉంటాయి. అర్థం నేర్చుకోవడానికి ఇది తగదు. ఒక్క సందర్భంలో మాత్రం దీన్ని మించినది లేదు: రిపోర్టు మీద కోడ్ ఉన్నప్పుడు. పదో కూర్పులో ఐ21 అంటే తీవ్ర గుండెపోటు, ఐ46 అంటే కార్డియాక్ అరెస్ట్, ఐ50 అంటే హార్ట్ ఫెయిల్యూర్. మాటలు మసకబారిన చోట కోడ్ కచ్చితంగా ఉంటుంది. ఆయుర్వేదం, సిద్ధ, యునాని పదాలకు పదకొండో కూర్పులో ప్రత్యేక విభాగం చేర్చి 2024 జనవరిలో ఢిల్లీలో విడుదల చేశారు. ఆ వైద్యాల వారు అది చూడాలి.

వికీడేటా: తెలుగు దొరికే చోటు

2012లో మొదలైన వికీడేటా వైద్యానికే పరిమితమైనది కాదు, కానీ నిర్మాణంలో అసలైన భావకోశం. ఒక భావానికి ఒక సంఖ్య, దాని కింద ఎన్ని భాషల పేర్లైనా. గుండెపోటు సంఖ్య క్యూ12152. ఆ పేజీలోనే మెష్, ఐసీడీ, యూఎంఎల్ఎస్ సంఖ్యలు ఉంటాయి, తెలుగు వికీపీడియా వ్యాసం ఉంటే దానికి దారీ ఉంటుంది. పెద్ద కోశాలకూ తెలుగుకూ మధ్య నాకు దొరికిన వంతెన ఇదొక్కటే.

ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు. అందుకే తెలుగు పేరు కనబడగానే నమ్మకండి. చాలా భావాలకు తెలుగు పేరు లేదు. ఉన్నచోట కొన్నిసార్లు పెద్ద కుటుంబం పేరును చిన్న రకానికి తగిలిస్తారు. మెష్ నిర్వచనంతో సరిచూసుకుని, తప్పు ఉంటే మీరే దిద్దండి. ఆ పని వచ్చే పాఠకుడికి దారి చూపుతుంది.

| కోశం | వాక్యాల్లో అర్థం | పోలిన భావాల విభజన | తెలుగు పేర్లు | వాడాలంటే |
|---|---|---|---|---|
| మెడ్‌లైన్‌ప్లస్ | బాగా ఉంటుంది | ఓ మాదిరి | లేవు | నేరుగా, ఉచితం |
| మెష్ | క్లుప్తంగా, స్పష్టంగా | బాగుంటుంది | లేవు | నేరుగా, ఉచితం |
| స్నోమెడ్ సీటీ | అరుదు | అత్యుత్తమం | లేవు | చూడటం ఉచితం, వాడకానికి లైసెన్సు |
| యూఎంఎల్ఎస్ | పలు మూలాల నుంచి | చాలా బాగుంటుంది | లేవు | పేరు నమోదు, ఉచిత లైసెన్సు |
| ఐసీడీ | తక్కువ | లెక్కలకు సరిపడా | లేవు | నేరుగా, ఉచితం |
| వికీడేటా | ఒక్క పంక్తి | రాసినవారి శ్రద్ధను బట్టి | కొన్నింటికి ఉన్నాయి | నేరుగా, దిద్దవచ్చు కూడా |

మీరు ఎవరు?

ఇంట్లో రోగిని చూసుకుంటున్నారా? మెడ్‌లైన్‌ప్లస్ చదివి, తర్వాత మెష్‌లో ఆ జబ్బుకు అటూ ఇటూ ఉన్న రెమ్మలు చూడండి. ఈ రెండూ చాలు. కాగితం మీద కోడ్ ఉంటే ముందు ఐసీడీతో సరిచూసుకోండి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటూ తల్లిదండ్రులను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మాట మార్చి చెప్పే పిల్లలకూ ఇదే జత. వారికి నాది ఒక్క విన్నపం: తెలుగు మాట గుర్తు రాకపోతే 'గుండె ఉంది, కొట్టుకుంటోంది, బలం తగ్గింది' అని చిన్న వాక్యాల్లో చెప్పండి. పేరు కంటే అది ఎక్కువ ధైర్యమిస్తుంది.

పత్రికలో ఆరోగ్య వార్తలు రాస్తున్నారా, కరపత్రాలు అనువదిస్తున్నారా? యూఎంఎల్ఎస్, వికీడేటా జత చేయండి. దానితోపాటు సొంత పట్టిక ఒకటి రాసుకోండి: భావం సంఖ్య, మీరు ఎంచుకున్న తెలుగు పేరు, ఎందుకు ఎంచుకున్నారో ఒక పంక్తి, ఏ మాట వాడకూడదో ఒక పంక్తి. నా పట్టికలో 'సింకోపీ' ఎదురుగా 'స్పృహ తప్పడం. మూర్ఛ అనవద్దు' అని ఉంది. 'సీజర్' ఎదురుగా 'ఫిట్స్, ఒక్కసారి వచ్చినది' అనీ, 'ఎపిలెప్సీ' ఎదురుగా 'మూర్ఛ వ్యాధి, పదేపదే వచ్చే స్వభావం' అనీ ఉన్నాయి. ఒక్కసారి ఫిట్స్ వచ్చిన బిడ్డకు 'మూర్ఛ వ్యాధి' అని రాస్తే, పెళ్లి మాటల నాటికి కూడా ఆ ముద్ర చెరిగిపోదు. అందుకే ఈ మూడు గదులను కలపనివ్వను.

ఇదే జాగ్రత్త 'వాతం' విషయంలోనూ అవసరం. పక్షవాతం, కీళ్లవాతం పేర్లలో అన్నదమ్ముల్లా ఉన్నా, మెష్‌లో ఒకటి మెదడు, రక్తనాళాల కొమ్మల మీద, రెండోది కీళ్ల కొమ్మ మీద ఉంటాయి. పేరును బట్టి బంధుత్వం ఊహించుకుని, ఒకదాని తైలం ఇంకోదానికి రాసేవారు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

వైద్య విద్యార్థులకూ, ఆసుపత్రి రికార్డుల పనిలో ఉన్నవారికీ స్నోమెడ్ నేర్చుకోమని చెబుతాను. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాల్లో దానికి చోటు ఉంది, ఎలాగూ ఎదురవుతుంది. అరుదైన జన్యు వ్యాధి ఉన్న బిడ్డల తల్లిదండ్రులు 2008లో మొదలైన, వ్యాధి లక్షణాల భావకోశమైన హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీ చూడాలి. లక్షణాల పేర్ల పక్కన అక్కడ సామాన్యుల మాటలు కూడా చేర్చారు: 'అరాక్నోడాక్టిలీ' పక్కనే 'పొడవైన సన్నని వేళ్లు' అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ఉంటుంది. డాక్టరు గుర్తించిన లక్షణాన్ని అమ్మ తన బిడ్డ చేతుల మీద పోల్చి చూసుకోగలుగుతుంది.

అక్షరక్రమ నిఘంటువులను పక్కన పెట్టేయమని నేను అనను. ఆంధ్రభారతి వంటి సైటులో పాత తెలుగు నిఘంటువులన్నీ ఒకేసారి వెతకవచ్చు. మంచి తెలుగు మాట దొరికేది అక్కడే. కానీ ఆ మాట ఏ గదికి సరిపోతుందో తేల్చుకున్నాకే వాడాలి.

అన్ని కోశాలూ చూశాక కూడా తేలని మాటలు ఉంటాయి. 'నిమ్ము చేరింది' అని మన ఇళ్లలో తరచుగా వింటాం. ఊపిరితిత్తికి ఇన్‌ఫెక్షన్ సోకినా నిమ్మే, ఊపిరితిత్తిని చుట్టిన పొరల మధ్య నీరు చేరినా నిమ్మే. కోశాల్లో అవి న్యుమోనియా, ప్లూరల్ ఎఫ్యూజన్ అనే రెండు వేరు గదులు, వైద్యమూ వేరు. తెలుగు మాట ఒక్కటే చేతిలో ఉంటే ఏ గదికి వెళ్లాలో ఏ కోశమూ చెప్పలేదు. అప్పుడు డాక్టరును అడగాల్సింది ఒక్కటే: 'అయ్యా, ఈ నిమ్ము ఊపిరితిత్తి లోపలా, దాని బయటి పొరల మధ్యనా?'